కీటో మొదటి వారపు తలనొప్పి, నీరసం: ఓర్చుకోవాలా, ఉప్పుతో సరిచేసుకోవాలా?

నిజాంపేట గృహిణి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. బీపీ, షుగర్ లేవని పోయిన నెలలోనే పరీక్ష చేయించుకున్నాను, మందులేవీ వాడటం లేదు. ఆదివారం నుంచి అన్నం, రొట్టె, పప్పు, పండ్లు పూర్తిగా మానేసి కీటో మొదలుపెట్టాను. ఈరోజు నాలుగో రోజు. బరువు 81 కిలోల నుంచి 78.6కి దిగింది కానీ ఆ సంతోషం నిలవడం లేదు. నుదుటి చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు తలనొప్పి ఉంటోంది. కూర్చున్నచోటి నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. నిన్న తెల్లవారుజామున మూడింటికి కుడి పిక్క పట్టేస్తే, కాలి బొటనవేలిని చేత్తో వెనక్కి లాగిపట్టుకుని చాలాసేపు మంచం మీదే కూర్చుండిపోయాను. నోటి నుంచి గోళ్లరంగు తుడిచే మందు లాంటి వాసన వస్తోందని మా అబ్బాయి అంటున్నాడు.

నేనున్న వాట్సాప్ బృందంలో ఇదంతా ఒంట్లోని విషాలు బయటికి పోతున్న గుర్తేనని, ఓర్చుకుని నీళ్లు ఇంకా ఎక్కువ తాగమని చెబుతున్నారు. ఒక్కరు మాత్రం ఉప్పు వేసిన మజ్జిగ తాగమన్నారు. మా అమ్మ మంతెన సత్యనారాయణ రాజు గారి ప్రసంగాలు విని ఏళ్ల తరబడి ఉప్పు లేని కూరలు తింటోంది, ఉప్పు పెంచుతానంటే కోరి జబ్బు తెచ్చుకుంటావా అని కోప్పడుతోంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

బోయినపల్లి, కీటోలో రెండేళ్లు:

ఓర్చుకోవడమే మేలని నేను నమ్ముతాను. వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాల తర్వాత మా వీధిలో చాలా ఇళ్లలో ఇలాంటి ఆహారం మొదలైంది. నాలుగో రోజు నీరసానికి భయపడి రెండు ఇడ్లీలు తిన్నవారు ఎవరూ రెండో వారం దాకా నిలవలేదు. ఇన్నేళ్లూ గ్లూకోజుకు అలవాటుపడిన మెదడు, కొవ్వు నుంచి కాలేయం తయారుచేసే కీటోన్లకు అలవాటుపడాలంటే కొన్ని రోజులు పడుతుంది, ఆ ఇబ్బందిని దాటకుండా అవతలి ఒడ్డుకు చేరలేం. నాకు ఆరో రోజు తలనొప్పి దానంతట అదే పోయింది. ఉప్పు వేసుకుని లక్షణాన్ని అణచివేస్తే శరీరం తన పని తాను ఎప్పుడు నేర్చుకుంటుంది? నేను రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు తాగాను, మీరూ తాగండి, ఇంకో రెండు రోజులు గట్టిగా నిలబడండి.

మలక్‌పేట ఆహార నిపుణురాలు:

పదకొండేళ్లుగా ఈ వృత్తిలో ఉన్నాను. కీటో మంచిదా చెడ్డదా అన్న వాదనలోకి వెళ్లను, అడిగిన ప్రశ్న అది కాదు. విషాలు పోతున్నాయన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. ఏ విషమో, ఏ దారిన పోతోందో ఆ మాట అనేవారు ఎవరూ చెప్పరు. నిజంగా పోతున్నవి నీరు, ఉప్పు.

మన కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాముల గ్లైకోజెన్, అంటే శరీరం దాచుకున్న చక్కెర, నిలవ ఉంటుంది, దానిలో ప్రతి గ్రామూ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు రోజుకు 20 నుంచి 50 గ్రాములకు పడిపోతే కొద్ది రోజుల్లోనే ఆ నిలవ చాలావరకు తరిగిపోయి, దానితో ఉన్న నీరు మూత్రంలో వెళ్లిపోతుంది. గృహిణి గారూ, మీరు కోల్పోయిన రెండు కిలోల పైచిలుకులో ఎక్కువ భాగం ఇదే, కొవ్వు కాదు. ఇక రెండో సంగతి. ఇన్సులిన్ చక్కెరను కణాల్లోకి పంపడమే కాక, సోడియంను వదలకుండా పట్టి ఉంచమని మూత్రపిండాలకు కూడా చెబుతుంది. ఇన్సులిన్ తగ్గగానే సోడియం బయటికి పోతుంది, దాని వెంట నీరు పోతుంది, రక్తనాళాల్లో ద్రవం తగ్గుతుంది, అందుకే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. సోడియంను కాపాడుకోవడానికి శరీరం ఆల్డోస్టెరాన్ అనే హార్మోనును పెంచుకుంటే, ఆ క్రమంలో పొటాషియం కూడా జారిపోతుంది.

ఇలాంటి స్థితిలో ఉప్పు లేకుండా నాలుగైదు లీటర్ల నీళ్లు తాగితే రక్తంలో మిగిలిన సోడియం మరింత పలచబడుతుంది, తలనొప్పి తగ్గకపోగా పెరగవచ్చు. దాహానికి సరిపడా తాగితే చాలు. బోయినపల్లి గారికి ఆరో రోజు తగ్గిందంటే, మూత్రపిండాలు సర్దుకుని సోడియం పోవడం నెమ్మదించి ఉంటుంది. అది నిజమైన అనుభవమే, కాదనను. అయితే ఆ ఆరు రోజులూ బాధపడటం వల్ల ఆయనకు ఒరిగిన ప్రత్యేక లాభం ఏదీ లేదు. ఉప్పు తిన్నంత మాత్రాన కీటోన్లు తయారవడం ఆగదు.

మన వంటకు సంబంధించిన ఒక సంగతిని చాలామంది గమనించరు. తెలుగువారి ఒంట్లోకి ఉప్పు అన్నంతోనే వెళుతుంది. పప్పు, పులుసు, పచ్చడి, ఆవకాయ అన్నీ చప్పటి అన్నానికి సరిపడా ఉప్పు వేసుకుని ఉంటాయి. అన్నం మానగానే అవన్నీ కంచంలోంచి లేచిపోతాయి, రెండు గుడ్లు, పనీరు, నెయ్యి మిగులుతాయి. అంటే శరీరం ఉప్పును ఎక్కువగా వదులుతున్న వారంలోనే మనం తక్కువగా తింటున్నాం.

గృహిణి గారికి గుండె, మూత్రపిండాల జబ్బులు కూడా లేకపోతే, కూరల్లో మామూలు ఉప్పుతో పాటు రోజు మొత్తానికి చిన్న చెంచాతో అర చెంచా ఉప్పును రెండు గ్లాసుల పలచని మజ్జిగలో పంచుకుని తాగవచ్చు. గ్లాసుకు రెండు మూడు చెంచాల పెరుగు చాలు, దానితో వచ్చే పిండి పదార్థం చాలా తక్కువ. మాంసం తినేవారైతే పాయా షోర్వా ఇంకా మంచిది. పాలకూర, గుమ్మడి గింజలు తింటే పొటాషియం, మెగ్నీషియం కొంత అందుతాయి. నోటి వాసన ఎసిటోన్ అనే కీటోన్ వల్ల వచ్చేది, దాని గురించి కంగారు వద్దు. ఎండాకాలంలో మొదలుపెట్టాలనుకునే వారు మాత్రం ఆలోచించుకోవాలి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల ఎండకు చెమటలో పోయే ఉప్పు దీనికి తోడవుతుంది.

దిల్‌సుఖ్‌నగర్ మందుల దుకాణం:

శాస్త్రం చక్కగా చెప్పారు, దానితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం ఇది చదివే మిగతావారి గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినమంటుంది, మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలూ ఆ మేరకే ఉన్నాయి. చదునుగా నింపిన ఒక్క చిన్న చెంచాతోనే ఆ 5 గ్రాములు పూర్తవుతాయి. బీపీ ఉన్నా తెలియనివారు మనలో ఎందరో ఉన్నారు. “కీటోలో ఉప్పు పెంచాలి” అన్న ఒక్క వాక్యం ముందూ వెనకా లేకుండా పది వాట్సాప్ బృందాలకు పాకితే, అది వారికి చేసే చెడును ఎవరు దిద్దుతారు? దయచేసి ఎన్ని రోజులు, ఎవరికి, ఎంత అన్నది ప్రతిసారీ రాయండి.

కౌంటర్ దగ్గర రోజూ చూసేవి రెండు చెబుతాను. నీరసమనగానే ఓఆర్ఎస్ అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటిలో కలిపే పొడిలో 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. విరేచనాలకు అది ప్రాణం నిలిపే మందు, ఎందుకంటే పేగులు ఉప్పును పీల్చుకోవడానికి ఆ గ్లూకోజు తోడ్పడుతుంది. కానీ పిండి పదార్థం రోజుకు 20 గ్రాములే అని లెక్కపెట్టుకునే వారికి అది ఒక పూట భోజనం కిందికి వస్తుంది. ఆ పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాల్లో చక్కెర ఇంకా ఎక్కువ. మన నగరానికి చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు వాటి మీద ఏళ్ల తరబడి పోరాడాకే, 2025 అక్టోబరులో ఆ పేరును అలా వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. రెండోది, తక్కువ సోడియం ఉప్పు. అందులో సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ కొంత కలుపుతారు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు వాడేవారికి, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయకే ముప్పు.

ఉప్పల్ నుంచి ఒక కొడుకు:

దుకాణం గారి మాటకు మా ఇంట్లో జరిగిందే సాక్ష్యం. మా నాన్నగారికి 61 ఏళ్లు, గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడతారు. తెలిసినవారి మాట మీద మాత్ర మానకుండానే కీటో మొదలుపెట్టారు. మూడో రోజు సాయంత్రం చెమటలు పోసి, చేతులు వణికి, మాట తడబడింది. బృందంలో అడిగితే “ఇది కీటో ఫ్లూ, రేపటికి తగ్గుతుంది” అని వచ్చింది. కీటో మొదటి రోజుల తలనొప్పి, నీరసాన్ని అలా అంటారు. అమ్మ పోరుపెడితే వేలు గుచ్చి చూశాం, మీటరులో 52 కనిపించింది. వెంటనే నీళ్లలో చక్కెర కలిపి తాగించాం. మాత్ర ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటే, కంచంలో పిండి పదార్థం లేకపోతే జరిగేది ఇదే అని మరునాడు డాక్టరు గారు చెప్పారు. ఓర్చుకోమని రాసేవారు, ఎదుటి మనిషి ఏ మాత్ర వేసుకుంటున్నాడో ఒక్కసారి అడగండి. ఇంత చిన్న ప్రశ్న అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

మలక్‌పేట ఆహార నిపుణురాలు:

ఉప్పల్ గారూ, మీరిది రాసినందుకు కృతజ్ఞతలు. దీనికి ఒకటి చేర్చాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవారిలో, రక్తంలో చక్కెర పెద్దగా పెరగకుండానే కీటో ఎసిడోసిస్, అంటే కీటోన్లు మితిమీరి రక్తం ఆమ్లంగా మారే ప్రమాదకర స్థితి, రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే హెచ్చరించింది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే అది కీటో ఫ్లూ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. టైప్ 1 మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ ఆహారాన్ని తమంతట తాము మొదలుపెట్టనే కూడదు. దుకాణం గారి అభ్యంతరాన్నీ అంగీకరిస్తున్నాను. నేను చెప్పిన అర చెంచా మొదటి వారం పది రోజులకే, ఏ జబ్బూ లేనివారికే.

సైనిక్‌పురి తల్లి:

మా పాపకు మూర్ఛ మందులకు లొంగకపోతే డాక్టర్లు కీటో ఆహారం పెట్టించారు, అందువల్ల ఈ విషయం నాకు వేరే దారిన తెలుసు. ఈ ఆహారం పుట్టిందే మూర్ఛ కోసం, 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో వైల్డర్ అనే వైద్యుడు దీనికి ఆ పేరు పెట్టారు. చాలాకాలం పిల్లలను ఆసుపత్రిలో ఉపవాసం ఉంచి మొదలుపెట్టేవారు. ఉపవాసం లేకుండా మెల్లగా పెంచుకుంటూ పోయినా మూడు నెలల తర్వాత ఫలితం అంతే ఉందని, ఇబ్బందులు తక్కువని ఫిలడెల్ఫియాలో పిల్లల మీద జరిపి 2005లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. మా పాపకూ అలాగే మెట్టు మెట్టుగా మార్చారు. జబ్బుతో ఉన్న పసిపిల్లకే అంత నిదానం పాటిస్తుంటే, నడుము చుట్టుకొలత కోసం చేసే పెద్దవాళ్లు శనివారం బిర్యానీ తిని ఆదివారం సున్నాకు దిగడం ఎందుకో నాకు అర్థం కాదు. ముందు టీలో చక్కెర, బిస్కెట్లు, ఆ తర్వాత రాత్రి అన్నం, ఇలా రెండు మూడు వారాలు తీసుకుంటే ఓర్పూ ఉప్పూ రెండింటి అవసరమూ తగ్గుతుంది కదా.

బోయినపల్లి, కీటోలో రెండేళ్లు:

తల్లి గారి మాట కాదనలేను, కానీ పెద్దవాళ్ల కంచాన్ని పక్కన కూర్చుని తూచేవారు ఉండరు. మెల్లగా తగ్గిస్తామన్న నా మిత్రులు సగంలోనే ఆగిపోయారు, ఒక్కసారిగా దిగినవారే నిలబడ్డారు. ఈ విషయంలో నా అభిప్రాయం మారదు. అయితే ఉప్పు గురించి నేను తప్పుగా అనుకున్నాను. ఆ నాలుగు లీటర్ల నీళ్ల సలహాను, మాత్రల సంగతి అడగకుండా ఓర్చుకోమన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. ఉప్పల్ గారి నాన్నగారు ఇప్పుడు బాగున్నారా?

ఉప్పల్ నుంచి ఒక కొడుకు:

బాగున్నారండి. డాక్టరు గారు మాత్ర మోతాదు మార్చారు. రాత్రి రెండు జొన్నరొట్టెలు తింటున్నారు.

నిజాంపేట గృహిణి:

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. బీపీ మళ్లీ చూపించుకున్నాను, 112/74 ఉంది. మజ్జిగ మొదలుపెట్టిన రోజు సాయంత్రానికే తలనొప్పి తేలికపడింది, లేచి నిలబడితే ఇప్పుడు గోడ పట్టుకోనక్కర్లేదు. పిక్క ఒక రాత్రి మళ్లీ పట్టింది కానీ అంత తీవ్రంగా కాదు. మలబద్ధకం మాత్రం అలాగే ఉంది, బెండకాయ, బీరకాయ పెంచి చూస్తున్నాను. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా పొద్దున్నే మజ్జిగ చిలికి, చెంచాలో ఉప్పు తనే తీసి, అంచు దాటిన నాలుగు రవ్వలను వేలితో డబ్బాలోకి రాల్చి నా గ్లాసులో వేస్తోంది. తన గ్లాసులో వేసుకోవడం లేదు.