సమస్య (ఇదే చివరి పాదంగా పద్యం పూరించాలి): చచ్చినతఁడు వచ్చి సంతకమిడె

మోడరేటర్ (పర్లాకిమిడి): పాతపట్నం వైపు నుంచి పొద్దున్నే వచ్చిన పేపరు, జిల్లా పేజీ. మా వీధి పెద్దాయన ఫొటో. కింద పుట్టినరోజు శుభాకాంక్షలు ఉండాల్సిన చోట 'అశ్రునివాళి'. పక్కింటాయన దండ పట్టుకొస్తే ఈయన అరుగు మీద కూర్చుని అదే పేజీ చదువుతున్నారు. మర్నాడు సవరణ వేశారు: 'ఆయన మరణించలేదు. చింతిస్తున్నాం.' ఇక కానివ్వండి.

బరంపురం బావ:
పేపరందు నిన్న పెట్టిరి బొమ్మను
చావు కబురు కింద చక్కగాను
పింఛ నడుగఁబోయి బాంకులో బెదరక
చచ్చినతఁడు వచ్చి సంతకమిడె
నవంబరు కదా, లైఫ్ సర్టిఫికెట్ సంతకం!

గుణుపురం గళం: మూడో పాదంలో 'పిం'కీ 'బాం'కీ ఏం చుట్టరికం బావగారూ? యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో వచ్చే అక్షరం చుట్టం కావాలి కదా. 'బెదరక బాంకులో' అని అటుదిటు చేస్తే సరిపోయేది. మా గుణుపురం లైను 2011లోనే బ్రాడ్‌గేజ్ అయింది, మీ యతి ఇంకా చిన్నబండిలోనే వస్తోంది. నాది చూడండి:
భూమి గుడికి నొకఁడు పొందుగ నీయఁగా
వార్త కూర్చునపుడు వచ్చెఁ దప్పు
'ఇ' యను చోట 'చ' పడె నెంత వింతగఁ జూడు
చచ్చినతఁడు వచ్చి సంతకమిడె

బరంపురం బావ: సమస్యనే అచ్చుతప్పు చేసేశారు. దెబ్బ, ఒప్పుకున్నా. కానీ ఆ 'పొందుగ'ను యతి కోసం కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అయినా నిరుడు శివరాత్రి పూరణలో 'శ్రద్ధ' అనబోయి 'శ్రాద్ధతో కొలిచితి' అన్నది ఎవరో!

గుణుపురం గళం: అది ఫోను కీబోర్డు తప్పని పదిసార్లు చెప్పాను.

బరంపురం బావ: పేపరువాళ్లూ అదే అంటారు.

కిమిడి మాస్టారు:
దినము పత్రికనుచు దినపత్రికను దిట్టి
తాత కర్ర పట్టి దారి పట్టె
ఖండనంబు రాసి కాగితమ్మడుగున
చచ్చినతఁడు వచ్చి సంతకమిడె

గుణుపురం గళం: మాస్టారూ, మీ 'ము' ఒక్కదానికి నా 'ఇ', 'చ' రెండూ ఇచ్చేస్తున్నా. దినం కార్డుకీ దినపత్రికకీ అంతే తేడా అన్నమాట! అయితే గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని 'ఖండనంబు' ఏమిటండీ?

కిమిడి మాస్టారు: 'ఖండన' అంటే గణం చాలదు నాయనా. ఆయనకు నేను సర్దిచెప్పుకుంటాలే.

మోడరేటర్: పెద్దాయనకు మూడూ చదివి వినిపించాను. బావగారి యతి ఆయనకు పట్టలేదు. మాస్టారి రెండో పాదం దగ్గర మాత్రం ఆపారు. ఆయనకు కర్ర లేదట, సవరణ వేయమంటున్నారు.