అడవిలో తీసిన శాంపిల్: ముందు ఒప్పందమా, ముందు ప్రయాణమా?

తడి ఆకు:
చాలా రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. అడవి జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల మీద రెండు మూడు దేశాల వాళ్లు కలిసి పని చేయడం ఇప్పుడు మామూలైపోయింది. శాంపిల్ ఒక దేశంలో తీస్తారు, సీక్వెన్సింగ్, అంటే అందులోని జన్యు అక్షరాలు చదవడం, ఇంకో దేశంలో చేస్తారు, పరిశోధన పేపర్ మరో దేశం నుంచి వస్తుంది. రాతపూర్వకంగా ఒప్పందం కుదరకుండా ఒక్క ట్యూబు కూడా సరిహద్దు దాటకూడదని నా వాదన. రోగం ప్రబలుతున్న సమయమైనా సరే.

ఎందుకంటున్నానో చెబుతాను. నేను మూడు సీజన్లు గబ్బిలాల మీద పని చేశాను. చీకటి పడకముందే వల కట్టాలి. చిక్కుకున్న గబ్బిలాన్ని వెంటనే విడిపించి గుడ్డ సంచిలో వేయాలి, ముంజేయి పొడవు కొలవాలి, నోట్లోంచి స్వాబ్ తీసి వదిలేయాలి. రెండు జతల గ్లవ్స్ వేసుకుని, హెడ్‌లైట్ వెలుగులో తెల్లారేదాకా అదే పని. ట్యూబులన్నీ ద్రవ నైట్రోజన్‌లో పెట్టి, సగం మా దగ్గర ఉంచుకుని, మిగతా సగం విదేశంలోని భాగస్వామి ల్యాబ్‌కు పంపాం. ఆ తర్వాత రెండేళ్లు ఒక్క కబురు లేదు. పేపర్ అచ్చయ్యాక ఇంటర్నెట్‌లో చూసి ఫలితం తెలుసుకున్నాను. వలలు కట్టినవాళ్ల పేర్లు కృతజ్ఞతల పేరాలో కూడా లేవు. పేరు పోతే పోయింది. ఆ గుహ పక్కన ఉండేవాళ్లు "ఏం దొరికింది, మాకేమైనా ప్రమాదమా?" అని వచ్చి అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ బాధ ఇంకా పోలేదు.

2007లో ఇండోనేషియా బర్డ్ ఫ్లూ శాంపిళ్లను ప్రపంచ ఆరోగ్య సంస్థ నెట్‌వర్క్‌కు పంపడం ఆపేసింది. తాము ఇచ్చిన వైరస్‌తోనే విదేశీ కంపెనీ టీకా చేస్తే, దాన్ని కొనే స్తోమత తమకే ఉండదన్నది వాళ్ల కోపం. అప్పటి ఆరోగ్య మంత్రి సితి ఫాదిలా సుపారీని చాలామంది తప్పుపట్టారు. కానీ ఆ పట్టుదల వల్లే ఫ్లూ వైరస్ ఇచ్చే దేశాలకు టీకాల్లో వాటా దక్కాలన్న అంతర్జాతీయ ఏర్పాటు 2011లో వచ్చింది. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా.

ల్యాబ్ రాత్రులు:
మీ బాధ అర్థమైందండీ. మీకు జరిగింది అన్యాయమే, అందులో వాదన లేదు. కానీ "రోగం ప్రబలుతున్న సమయమైనా సరే" అన్న మాట నేను ఒప్పుకోలేను.

పశ్చిమ ఆఫ్రికా ఎబోలానే తీసుకోండి. గినియాలోని మెలియాండూ అనే పల్లెలో 2013 డిసెంబరులో రెండేళ్ల పిల్లాడితో మొదలైందని తర్వాత తేల్చారు. అది ఎబోలా అని తెలిసింది మాత్రం 2014 మార్చిలో, ట్యూబులు ఫ్రాన్స్‌లోని లియోన్ ల్యాబ్‌కు చేరాక. అప్పటికే మూడు నెలలు పోయాయి. ఆ మహమ్మారి 11,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. సంతకాలు కుదరలేదని ఆ ట్యూబుల్ని ఇంకో రెండు వారాలు ఆపి ఉంటే ఆ చావులకు ఎవరు జవాబు చెప్పాలి?

ఇంకో సంగతి. సియెర్రా లియోన్‌లోని కెనెమా ఆసుపత్రి వాళ్లు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 78 మంది రోగుల నుంచి 99 ఎబోలా జీనోమ్‌లు చదివారు. పేపర్ కోసం ఆగకుండా, చదివినవి చదివినట్టే అందరికీ అందుబాటులో పెట్టారు. 2014 ఆగస్టులో పేపర్ వచ్చేసరికి దాన్ని రాసినవాళ్లలో ఐదుగురు ఎబోలాతోనే చనిపోయారు. కెనెమాలో వైద్యానికి నాయకత్వం వహించిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ వాళ్లలో ఒకరు. ఆ పనిని హెలికాప్టర్ రీసెర్చ్, అంటే బయటివాళ్లు దిగి శాంపిళ్లు పట్టుకుపోయి స్థానికులకు ఏమీ మిగల్చని పని, అని ఎవరైనా అనగలరా?

తడి ఆకు:
అనలేను. వాళ్లకు చేతులెత్తి మొక్కుతాను. కానీ మీ ఉదాహరణ నా వాదనకే బలమిస్తోంది. కెనెమాలో లాసా జ్వరం మీద ఏళ్ల తరబడి ఉమ్మడి పని జరిగింది. ల్యాబ్ ఉంది, తర్ఫీదైన మనుషులున్నారు. అందుకే 2014 మేలో ఎబోలా అక్కడికి రాగానే అక్కడే పరీక్ష చేసి తేల్చారు, నిర్ధారణ కోసం ట్యూబు విమానమెక్కాల్సిన పని పడలేదు. రోగం మొదలైన గినియా అడవి ప్రాంతానికి ఆ అదృష్టం లేదు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మొదలుపెట్టి, "ఇప్పుడు ఒప్పందాలకు టైమ్ లేదు" అంటే ఎలాగండీ? బావి తవ్వాల్సిన రోజుల్లో ఈ భాగస్వాములంతా ఏం చేశారు?

కొలత టేపు:
మీరిద్దరూ వైరస్‌లు వదిలి రావడం లేదు, కాస్త చెట్ల దగ్గరికి కూడా రండి.

నేను శాశ్వత అటవీ ప్లాట్లలో, అంటే హద్దులు గీసి ఏళ్ల తరబడి అవే చెట్లను మళ్లీ మళ్లీ కొలిచే అడవి ముక్కల్లో, చెట్లు కొలిచేవాణ్ని. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1980ల మొదట్లో 50 హెక్టార్ల ప్లాటు వేసి, ఒక సెంటీమీటరు లావు దాటిన ప్రతి కాండాన్నీ కొలిచారు. రెండు లక్షలకు పైగా కాండాలు! అదే పద్ధతిలో మలేషియాలోని పాసోలో, 1988లో మన ముదుమలైలో, ఆ తర్వాత ఇంకా ఎన్నో అడవుల్లో ప్లాట్లు వచ్చాయి. అన్నిచోట్లా నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులోనే టేపు చుడతారు. వేర్లు గోడల్లా పైకి లేచిన చెట్టయితే నిచ్చెన వేసి ఇంకా పైన కొలుస్తారు, కొలిచిన చోట రంగు గీత పెడతారు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చి ఆ గీత మీదే టేపు పెట్టాలి. ఒక వేలు వెడల్పు పక్కకు జరిగినా చెట్టు పెరిగిందో, కొలత తప్పిందో తెలియదు. పద్ధతి ఒకటే కాబట్టే ఏ ఖండం అడవిని ఏ ఖండంతోనైనా పోల్చగలుగుతున్నాం. దేశాలు కలిసి పని చేయకపోతే ఇది జరిగేదే కాదు. మీలా గేటు వేసేయాలని నేను అనను.

కానీ "డేటా అంతా ఓపెన్‌గా పెట్టండి" అని పెద్ద పెద్ద సంస్థలు అడుగుతుంటే మాత్రం కడుపు మండుతుంది. 2025 ఏప్రిల్‌లో ఐరోపా అంతరిక్ష సంస్థ బయోమాస్ అనే ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అడవిలో ఎంత కార్బన్ ఉందో పైనుంచి లెక్క కట్టడం దాని పని. ఆ లెక్క నిజమో కాదో సరిచూసుకోవాలంటే కింద జలగలు పట్టించుకుని టేపు చుట్టినవాడి అంకెలే దిక్కు. ఉపగ్రహానికి బడ్జెట్ ఉంటుంది. మళ్లీ ఐదేళ్లకు వచ్చి కొలిచే మనిషి జీతానికి మాత్రం ఏ ప్రాజెక్టులోనూ గ్యారంటీ ఉండదు. ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవడం ఉచితమే. తయారు చేయడానికి మాత్రం చాలా ఖర్చయింది.

పాత పేజీలు:
ఒక పాత కథ చెబుతాను, ఈ చర్చకు పనికొస్తుంది. కొలంబియాలో హోర్హే బోషెల్ అనే డాక్టర్ అడవిలో వచ్చే ఎల్లో ఫీవర్ మీద పని చేసేవాడు. దోమలు నేల మీద అంతగా కనిపించవు, రోగం మాత్రం చెట్లు నరికేవాళ్లకే వస్తోంది. ఒకసారి కూలీలు పెద్ద చెట్టు పడగొడుతుంటే చూశాడు. చెట్టు కూలగానే దాని కొమ్మల్లోని నీలిరంగు దోమలు గుంపుగా కిందికొచ్చి కూలీల చుట్టూ ముసురుకున్నాయి. అవి చెట్ల పై అంతస్తులో బతికే దోమలు. చెట్టుతో పాటు రోగం కూడా కిందికి దిగిందన్నమాట.

ఇదే బోషెల్ తర్వాత మన దేశానికి వచ్చాడు. 1957లో అప్పటి మైసూరు రాష్ట్రం షిమోగా జిల్లాలో కోతులు చచ్చిపడుతూ, మనుషులకు జ్వరాలు వస్తుంటే, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో నడిచే పుణె వైరస్ పరిశోధన కేంద్రం వెళ్లి కొత్త వైరస్‌ను పట్టుకుంది. అదే క్యాసనూర్ అడవి వ్యాధి, జనం మంకీ ఫీవర్ అంటారు. అడవి నరికి ఊళ్లు పెరగడం, పశువులు అడవిలో మేయడం వల్ల ఆ వైరస్‌ను మోసే పిడుదులు విపరీతంగా పెరిగాయని 1969లో బోషెల్ విశ్లేషించాడు. కొలంబియా అడవి చూసిన కన్ను కాబట్టే ఇక్కడ జ్వరం వెనకున్న అడవి కనబడింది. మనుషులు దేశాలు దాటకపోతే ఇలాంటి చూపు కూడా దాటదు.

గట్టు మీద:
ఆ కథలో రెండో సగం కూడా చెప్పాలి మీరు. ఆ వైరస్ రష్యాలో మెదడువాపు తెచ్చే వైరస్‌కు చుట్టం కాబట్టి వలస పక్షులు మోసుకొచ్చాయేమోనని అనుమానించారు. సలీం అలీ ఆధ్వర్యంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పక్షుల కాళ్లకు రింగులు వేసింది. మంచి పనే. అయితే కొన్నేళ్లు దానికి డబ్బు అమెరికా సైన్యం నుంచి వచ్చింది. 1970ల మధ్యలో ఆ సంగతి పత్రికలకెక్కింది. ఏ పక్షి ఏ దారిలో ఏ వైరస్‌ను మోస్తుందో సైన్యానికెందుకని గొడవైంది, పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ దాకా వెళ్లింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి నడిపిన దోమల జన్యు నియంత్రణ యూనిట్ కూడా అదే దుమారంలో చిక్కుకుని 1975లో మూతపడింది.

పక్షులకు రింగులు వేసినవాళ్లు దేశద్రోహులని నేను అనడం లేదు. డబ్బు ఎవరిది, డేటా ఎక్కడికి వెళ్తుంది అన్న రెండు మాటలు మొదటి రోజే అందరి ముందు పెట్టి ఉంటే, ఏళ్ల తరబడి చేసిన పని మీద ఆ మచ్చ పడేది కాదు.

ల్యాబ్ రాత్రులు:
గట్టు మీద గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నా వాదన కాస్త మార్చుకుని ఒక ప్రతిపాదన పెడతాను. ప్రతి శాంపిల్‌నూ రెండు ట్యూబులుగా పంచాలి. ఒకటి తీసిన దేశంలోనే ఉండాలి. రోగం ప్రబలినప్పుడు, అది ఏ రోగమో తేల్చడం కోసం మాత్రం రెండోది ఆగకుండా వెళ్లాలి. ఫలితం ముందుగా శాంపిల్ తీసిన చోటికే రావాలి. టీకా, పేటెంటు, పేపర్, ఇంకే పరిశోధనైనా విడిగా అనుమతి తీసుకున్నాకే.

తడి ఆకు:
రోగ నిర్ధారణ వరకు ఆగకుండా పంపడానికి నేనూ ఒప్పుకుంటాను. మొదటి పోస్టులో అన్న మాట అంతవరకు వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ సీక్వెన్స్ సంగతేమిటి? ట్యూబు కదలకపోయినా అందులోని జన్యు అక్షరాలు ఒక్క క్లిక్‌తో దాటిపోతాయి. 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ఒప్పందం జీవ వనరుల లాభాల్లో వాటా గురించి చెప్పింది గానీ, ఈ అక్షరాల దగ్గర తేలకుండా ఉండిపోయింది. వాటిని వాడుకుని లాభపడే కంపెనీల నుంచి డబ్బు రాబట్టడానికి కాలి ఫండ్ అని 2025 ఫిబ్రవరిలో మొదలుపెట్టారు. అదీ కట్టాలనుకున్నవాళ్లు కట్టేదే. అదే ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. అందులోనూ అసలు చిక్కుముడిని, అంటే శాంపిళ్లు ఇచ్చినందుకు ఏం దక్కాలన్నదాన్ని, తర్వాతి చర్చలకు వదిలేశారు.

ఇంకొకటి. రెండో ట్యూబు ఇక్కడే ఉంచాలన్నారు, సంతోషం. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఎవరు నడుపుతారు? మా ప్రాజెక్టు ముగిసిన ఏడాదికి ఫ్రీజర్ కంప్రెసర్ పాడైంది. రిపేరుకు ఏ పద్దులోనూ డబ్బు లేదు. తలుపు తీస్తే కింద నీళ్లు, లేబుళ్లు ఊడిపోయిన ట్యూబులు. మూడు సీజన్ల పని. ఆ శాంపిళ్ల రెండో సగం ఇప్పటికీ భద్రంగా ఉన్నది విదేశంలోనే.

ల్యాబ్ రాత్రులు:
ఇది నాకు తట్టనే లేదండీ. నేను ఈ నెలలో ఒక ఉమ్మడి ప్రాజెక్టు ముసాయిదా రాస్తున్నాను. ఫ్రీజర్, జనరేటర్, దాన్ని చూసుకునే మనిషి జీతం, ప్రాజెక్టు ముగిశాక ఐదేళ్ల వరకు. అవతలివైపు వాళ్లు ఒప్పుకుంటారో లేదో, రాసి పంపుతాను.

కొలత టేపు:
మళ్లీ వెళ్లి కొలిచేవాడి జీతం కూడా రాయండి.