స్కైడైవింగ్ నేర్చుకునేవారికి ఇప్పటికే ఉన్న బీమా వర్తిస్తుందా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక. మా తమ్ముడు స్కైడైవింగ్ (విమానం నుంచి పారాచూట్‌తో దూకే క్రీడ) శిక్షణకు వెళ్లబోతున్నాడు. మొదట శిక్షకుడితో కలిసి దూకి, తర్వాత లైసెన్సు కోసం ఒంటరిగా దూకాలన్నది వాడి ఆలోచన.

వాడి ఆరోగ్య బీమా పత్రంలో, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన 09వ నంబరు మినహాయింపు కింద, సాహస క్రీడల్లో ‘వృత్తిరీత్యా’ పాల్గొన్నందువల్ల అవసరమైన చికిత్సకు ఖర్చులు చెల్లించబోమని, స్కైడైవింగ్‌ను కూడా పేర్కొంటూ ముద్రించారు. సరదాకు ఒకసారి దూకేవారికి ఇది అడ్డురాదనే నా అవగాహన. అయితే లైసెన్సు కోసం పదేపదే దూకే శిక్షణార్థిని క్లెయిము వేళ ఏ కోవలో చేరుస్తారు?

ఇల్లు గడిచేది వాడి జీతంతోనే కాబట్టి, ఆసుపత్రి బిల్లు కన్నా, వెన్నెముక దెబ్బతిని నెలల తరబడి పనికి వెళ్లలేకపోతే ఎలాగన్నదే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. ఇలాంటి క్రీడలకూ వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకున్నవారు ఉన్నారా? టర్మ్ పాలసీ (నిర్ణీత కాలానికి తీసుకునే జీవిత బీమా) తీసుకున్నాక మొదలైన ఈ అభిరుచిని కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయడం అవసరమా? దయచేసి తెలియజేయగలరు.