మంచు అంత పెద్ద బండల్ని ఎట్లా మోస్తుంది? కనిగిరి కొండ గుండ్లు కూడా అట్లా వచ్చినవేనా?

కనిగిరి కుర్రోడు:
మా పెదనాన్న వాళ్ళు కేదార్‌నాథ్ పోయొచ్చారు. వీడియోల్లో గుడి వెనకాల లోయకి రెండు పక్కలా రాళ్ళూ మట్టీ కలిసిన పొడుగాటి గట్లు కనపడ్డాయి, హిమానీనదం తెచ్చి పోసినవంట. పెన్నా ఇసక తెస్తుందంటే అర్థమవుతుంది, నీళ్ళు కాబట్టి. గట్టిగా ఉండే మంచు ఇంటంత రాయిని ఎట్లా మోస్తుంది? ఇంకోటి, మా కొండ మీద గుండ్లు కూడా ఎవరో పేర్చినట్టే ఉంటాయి. అవీ మంచు తెచ్చినవేనని మా ఫ్రెండ్ పందెం కాస్తున్నాడు.

నెల్లూరు జాగ్రఫీ:
పందెం మీదే, అది తర్వాత. మంచు గట్టిదే గానీ పదుల మీటర్ల మందం పేరుకున్నాక తన బరువుకే సాగుతూ మెల్లగా కిందికి కదుల్తుంది. అడుగున కరిగిన నీళ్ళు రాతి పగుళ్ళలోకి దిగి మళ్ళీ గడ్డకడితే ఆ ముక్క మంచుకి అతుక్కుని ఊడొచ్చేస్తుంది. పక్క కొండల మీంచి విరిగిపడేవి వేరే. నీళ్ళయితే వేగం తగ్గగానే బరువైనవి ముందు వదిలేస్తాయి, అందుకే నెల్లూరు దగ్గరకొచ్చేసరికి పెన్నాలో మనకు కనపడేది ఎక్కువగా ఇసకే. మంచుకి ఆ లెక్కే లేదు. సన్నటి మట్టి, గులకరాళ్ళు, లారీ అంత బండ, అన్నీ ఒకటిగానే మోసుకుపోయి కరిగిన చోట కలగాపులగంగా కుమ్మరిస్తుంది. ఇట్లా మంచు పోసిన గట్లనే మొరైన్లు అంటారు. మీరు చూసినవి పక్కల పడ్డ పార్శ్వ మొరైన్లు. హిమానీనదం మూతి, అంటే దాని కింది చివర, దగ్గర పడితే అంత్య మొరైన్. మూతి ఏళ్ళ తరబడి ఒకేచోట ఉన్నా లోపలి మంచు ముందుకు వస్తూనే ఉంటుంది, వచ్చింది వచ్చినట్టు కరుగుతుంది, రాళ్ళు మాత్రం చేరుతూనే ఉంటాయి. గట్టు అంత ఎత్తు లేచేది అందుకే.

చీమకుర్తి రాయి:
మంచు రాయిని అరగదీస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, మా పాలిషింగ్ యూనిట్లో కూడా రాయిని నున్నగా చేసేది దాని మీద తిప్పే ప్యాడ్ కాదు, అందులోని గట్టి రవ్వ. మంచు అడుగున ఇరుక్కున్న రాళ్ళదీ అదే పని. పెద్దవి గీతలు పెడతాయి, సన్న పొడి నునుపు చేస్తుంది. ఆ గీతల్ని బట్టే మంచు ఏ దారిన పోయిందో చెప్తారు.
ఇక కనిగిరి గుండ్లు అక్కడే పుట్టినవి తమ్ముడూ. కిందా పైనా ఒకటే గ్రానైట్, కావాలంటే పోయి చూడు. పగుళ్ళ వెంట నీళ్ళు దిగితే ముందు మూలలు మెత్తబడతాయి, ఆ మెత్తటిదంతా వానలకు కొట్టుకుపోయి మధ్యలో గట్టి గుండు మిగులుతుంది. మంచు తెచ్చిన బండకైతే కింద నేలతో సంబంధమే ఉండక్కర్లేదు. కెనడాలో ఒకోటోక్స్ దగ్గర మైదానంలో 16,500 టన్నుల క్వార్ట్‌జైట్ బండ ఉంది, అది ఎక్కడో జాస్పర్ వైపు రాకీ పర్వతాల నుంచి మంచు మీద ఎక్కి వచ్చింది!

కనిగిరి కుర్రోడు:
మరి మన దగ్గర మంచు ఎప్పుడూ లేదా? వాడు హిమయుగం అని ఒకటే గోల.

నెల్లూరు జాగ్రఫీ:
సుమారు 20,000 ఏళ్ళ కిందట హిమయుగం ముదిరినప్పుడు కూడా మన దాకా రాలేదు. అప్పుడు సముద్రమే 120 మీటర్ల దాకా దిగింది, మైపాడు తీరం ఇంకా తూర్పున ఉండేది. దానికి చాలా ముందు, 30 కోట్ల ఏళ్ళ నాడు ఇండియా దక్షిణ ధ్రువం వైపు ఉన్నప్పుడు మాత్రం మంచు ఉంది. ఆ కాలపు బండల పొరని ఒడిశాలోని తాల్చేరులో భూగర్భ శాస్త్రవేత్తలు బ్లాన్‌ఫర్డ్ సోదరులు 1856లోనే వివరించారు, గోదావరి లోయలో బొగ్గు పొరల కింద కూడా అదే కాలం పొర ఉంది. మీ కొండకి దాంతో పనిలేదు.

ఒంగోలు యాత్ర:
ఒక మాట. ఆ మొరైన్ గట్లు గట్టిగా కనపడతాయి గానీ, ఉత్త రాళ్ళూ మట్టీ. కేదార్‌నాథ్ పైన చోరాబారి సరస్సుకి కట్ట అదే, 2013 జూన్ వానలకి తెగింది. గుడి వెనక ఆగిన భీమశిల అనే పెద్ద బండని తెచ్చింది మంచు కాదు, ఆ వరద. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ లోనాక్ సరస్సులోకి పక్క మొరైన్ జారిపడితే నీళ్ళు ఎగిసి గట్టు తెగింది, కింద తీస్తా మీద చుంగ్‌థాంగ్ డ్యామే కొట్టుకుపోయింది.