పాట చివర మోగే ఆ పియానో కార్డ్ పూర్తిగా ఆగేదాకా హాల్లో చప్పట్లు పడకుండా ఉంటాయా?

ప్రశ్న

ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ పాటల్లో 'ఎ డే ఇన్ ద లైఫ్' నాకు ప్రాణం. దాన్ని ఆ బృందంలోని నలుగురూ (జాన్, పాల్, జార్జ్, రింగో) కలిసి ఏ స్టేజీ మీదా వాయించలేదు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్కులో టికెట్ పెట్టిన చివరి కచేరీ చేసి, ఇక టూర్లు వద్దనుకున్నారు. ఈ పాట రికార్డింగ్ మొదలైంది 1967 జనవరి 19న. ఐదు నెలలు కూడా తేడా లేదు. ఇంకొక్క ఏడాది ఓపిక పట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

అందుకే ఆ కచేరీ నేనే పెట్టుకుంటాను. రాత్రి లైటు ఆర్పి పడుకున్నాక, హెడ్‌ఫోన్స్ కూడా లేకుండా, గిటారు మొదలయ్యే దగ్గర్నుంచి అంతా మనసులోనే. హాలు ఎప్పుడూ లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలే. పాట చివరి చరణంలో దాని పేరుంది, పైగా 1963లో వాళ్ళు అక్కడ పాడారు కూడా. కాలం 1967 వేసవి, ఈ పాట ఉన్న ఆల్బమ్ వచ్చిన కొత్త.

జాన్ ఎకూస్టిక్ గిటారుతో మైకు ముందు నిలబడతాడు. రికార్డులో అతని గొంతు చుట్టూ టేప్ ఎకో ఉంటుంది, నా కచేరీలో ఉండదు. గొంతు పచ్చిగా, దగ్గరగా వినబడుతుంది. పాల్ పియానో దగ్గర, జార్జ్ చేతిలో మరకాస్ గిలకలు. రింగో మొదటి చరణమంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. రెండో చరణంలో ఆ టామ్ డ్రమ్ముల దెబ్బ పడ్డప్పుడు ముందు వరసలో వాళ్ళు సర్దుకుని కూర్చోవడం కూడా నాకు కనబడుతుంది. వెనక నలభైమంది ఆర్కెస్ట్రా, ముందు కండక్టర్‌గా వాళ్ళ రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్. ఫిబ్రవరి 10న రికార్డింగ్ జరిగినప్పుడు వాళ్ళకు సూట్ల మీద పార్టీ టోపీలు, ఉత్తుత్తి ముక్కులు పెట్టించారు. నా హాల్లో అవేమీ లేవు. అంత పెద్ద విషయం జరగబోతోందని వాళ్ళ ముఖాల్లో తెలియాలి. పియానో మీద నిజం అలారం గడియారం. పక్కన వాళ్ళ సహాయకుడు మ్యాల్ ఇవాన్స్, రికార్డింగులో చేసినట్టే, ఆర్కెస్ట్రా కింది నుంచి పైకెక్కే 24 బార్లూ (తాళం ఆవర్తాలు) గట్టిగా లెక్కపెడతాడు. లెక్క పూర్తవగానే గడియారం మోగుతుంది.

ఇక్కడిదాకా కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. చివరి కార్డ్ దగ్గర, అంటే పియానో మీద కొన్ని స్వరాలు ఒకేసారి కొట్టే చోట మాత్రం ఆగిపోతాను.

రికార్డులో అది 40 సెకన్లు దాటి మోగుతుంది. నిజంగా పియానో అంతసేపు పలుకుతుందా అని మా ఇంట్లో పాత అప్‌రైట్ మీద చూశాను. తీగలు మోగుతూనే ఉండేలా చేసే సస్టెయిన్ పెడల్ అదిమి పట్టి, ఎడమ చేత్తో కింది ఇ (E) స్వరాలు రెండూ, కుడి చేత్తో జి షార్ప్, బి, ఇ గట్టిగా కొట్టి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టాను. మూడు నాలుగు సెకన్లకే శబ్దం సగానికి పడిపోయింది. పదో సెకనుకి పై స్వరాలు పోయి, అడుగున ఇ ఒక్కటే గొణుగుతూ మిగిలింది. 23 దగ్గర అది ఇంకా వినబడుతోందో, వినబడుతోందని నేను అనుకుంటున్నానో తేల్చుకోలేక చేతులు తీసేశాను.

హాల్లో ఐదారు వేలమంది ఉంటారు. ఐదో సెకనుకే ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెడతారు, ఒకరు కొడితే అందరూ కొడతారు. నా ఊహలో కూడా వాళ్ళను ఆపలేకపోతున్నాను. లైవ్‌లో దీనికి దారేమైనా ఉందాండీ? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1

కచేరీలకు సౌండ్ మిక్సింగ్ చేయడం నా పని. మీ ప్రశ్న చదివి, పని పక్కన పెట్టి రాస్తున్నాను.

ముందు రికార్డులో ఏం చేశారో చూడాలి. ఫిబ్రవరి 22న జాన్, పాల్, రింగో, మ్యాల్ ఇవాన్స్ కలిసి మూడు పియానోల మీద ఒకేసారి ఇ మేజర్ కార్డ్ కొట్టారు. దాని మీదే మళ్ళీ మళ్ళీ వాయించి కలిపారు (ఓవర్‌డబ్), జార్జ్ మార్టిన్ వాయించిన హార్మోనియం కూడా కలిసింది. అసలు కిటుకు ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ చేతిలో ఉంది. శబ్దం తగ్గేకొద్దీ ఫేడర్లు (శబ్దం పెంచే మీటలు) పైకి జరుపుతూ పోయాడు. పియానోలు చల్లారుతుంటే గదిని పెద్దది చేశాడన్నమాట. చివర్లో కుర్చీ కిర్రుమనడం వినబడేది అందుకే.

ఆ పని హాల్లో చేయలేం. నేను మైకు లెవెల్ పెంచుతూ పోతే స్పీకర్లలోంచి వచ్చిన శబ్దాన్నే మైకు మళ్ళీ అందుకుంటుంది, కాసేపటికి ఫీడ్‌బ్యాక్ వచ్చి హాలంతా కూత పెడుతుంది. ఆ కార్డ్ మీద కూత పడితే మొత్తం పాట పోయినట్టే. కాబట్టి మీ కచేరీలో ఆ కార్డ్ తనంతట తానే తగ్గాలి. మిక్సర్ దగ్గర నేనుంటే ఆ క్షణంలో చేతులు కట్టుకుని నిలబడతాను.

మీరు 1967 అన్నారు కాబట్టి ఇంకో మాట. ఇప్పుడు ఆ హాలు పైకప్పు నుంచి వేలాడే ఫైబర్‌గ్లాస్ పళ్ళేలు, అదే అందరూ పుట్టగొడుగులనేవి, 1969లో వచ్చాయి. గుమ్మటం తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని బాధ పడలేకే పెట్టారు. మీ కచేరీ నాటికి అవి లేవు. రింగో ప్రతి దెబ్బా రెండుసార్లు వినబడుతుంది, మ్యాల్ ఇవాన్స్ లెక్క ఒకదాని మీద ఒకటి పడుతుంది. పాట నడుస్తున్నంతసేపూ అది తలనొప్పే. చివరి కార్డ్‌కి మాత్రం అదే కలిసొస్తుంది. మీ ఇంట్లో 23 సెకన్లకు పోయిన శబ్దం అక్కడ అంత తొందరగా పోదు.

స్టేజీ మీద నలుగురికీ ఒకరి వాయింపు ఒకరికి వినబడాలంటే ఎదురుగా మానిటర్ స్పీకర్లు కావాలి. 1966 టూర్లలో వాళ్ళకు అవి లేవు, జనం అరుపుల్లో తమ పాట తమకే వినబడేది కాదు. మీ ఊహలో దయచేసి మానిటర్లు పెట్టించండి. అది నా కోరిక.

జవాబు 2

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తాను. ఆ 24 బార్ల గురించి ఎవరూ అడగలేదు గానీ, నేను చెప్పకుండా ఉండలేను.

జార్జ్ మార్టిన్ ఒక్కొక్క వాయిద్యానికి దాని అట్టడుగు స్వరం మొదట్లో, ఇ మేజర్‌లో పట్టే పై స్వరం చివర్లో రాసి, మధ్యలో వంకర గీత గీశాడు. ఏ బార్‌కి ఎంత ఎత్తులో ఉండాలో గుర్తులు మాత్రం ఇచ్చాడు. పక్కవాళ్ళను వినొద్దు, ఎవరి దారిన వాళ్ళు ఎక్కండి అన్నాడు. మాకు చిన్నప్పటి నుంచి నేర్పేది దానికి సరిగ్గా వ్యతిరేకం. పక్కనున్న బౌ (కమాను) ఎటు కదిలితే మన బౌ అటు కదలాలి, పక్క శ్రుతిలో మన శ్రుతి కలవాలి. రిహార్సల్‌లో ఒకసారి ఇలాంటి భాగం వాయించాను. వయొలిన్‌లో అట్టడుగున ఉండే జి తీగ మీద మొదలుపెట్టి వేలు అంగుళం అంగుళం జరుపుతుంటే, రెండు మూడు బార్లకే నా వేలు తెలియకుండా పక్కామె వేలి వెంట పోయింది. మళ్ళీ విడదీసుకోవడానికి కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. నలభైమందిలో ఒక్కరం కూడా ఒకచోట లేం, అయినా అందరం ఒకే చోటికి పోతున్నాం. ఆ భయం వాయించేవాళ్ళ చేతుల్లో ఉంటేనే వినేవాళ్ళకు అందుతుంది. రికార్డుకి దీన్ని నాలుగుసార్లు వాయించి కలిపారు, అంటే 160 మంది. మీ స్టేజీ మీద నలభైమందే ఉంటారు. పలచగా ఉంటుంది, కానీ ఎవరి వేలు ఎక్కడుందో కనబడుతుంది. నాకైతే అదే బావుంటుంది.

చప్పట్ల సంగతికొస్తే, జనాన్ని ఆపేది కండక్టర్ చెయ్యి. నెమ్మదిగా ముగిసే సింఫనీల్లో ఆఖరి స్వరం పోయాక కూడా కండక్టర్ చెయ్యి గాల్లోనే ఉంచుతారు. ఆ చెయ్యి దిగేదాకా సాధారణంగా ఎవరూ కదలరు. జార్జ్ మార్టిన్‌ని హార్మోనియం దగ్గరకు పంపకండి, కండక్టర్ స్థానంలోనే ఉంచండి.

జవాబు 3

క్షమించండి, నాకు ఈ ఊహే నచ్చలేదు. టూర్లు మానేశారు కాబట్టే ఈ పాట పుట్టింది. 'రివాల్వర్' ఆల్బమ్ వచ్చిన నెల లోపే ఆ చివరి కచేరీ జరిగింది, అందులో 'రివాల్వర్' పాట ఒక్కటి కూడా వాయించలేదు. స్టూడియోలో చేసేది స్టేజీకి ఎక్కదని వాళ్ళకు అప్పటికే తెలుసు. ఎక్కని దాన్ని ఎక్కించడం ఎందుకు?

అడిగినవారి నుంచి

మూడో జవాబు రాసినవారికి: మీరు చెప్పింది నిజమే, స్టూడియో లేకపోతే ఈ పాట లేదు. కానీ ఒకసారి పుట్టాక పాట వాయించమనే అడుగుతుంది. 2008 జూన్ 1న లివర్‌పూల్‌లోని ఆన్‌ఫీల్డ్‌లో పాల్ దీన్ని పాడాడు. ఆ వీడియో చూసినప్పుడు, జాన్ పాడాల్సిన చరణాలు పాల్ గొంతులో వింటుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. అందులో పాట చివరి కార్డ్ దాకా పోకుండా 'గివ్ పీస్ ఎ చాన్స్' అనే పాటలోకి కలిసిపోతుంది. నాకు మిగిలిపోయిన లోటు సరిగ్గా అక్కడే ఉంది.

మొదటి ఇద్దరికీ ఎంత చెప్పినా తక్కువే. మానిటర్లు పెట్టించాను. హార్మోనియం జార్జ్ హారిసన్‌కి ఇచ్చాను, మార్టిన్ చెయ్యి గాల్లోనే ఉంది. మూడు పియానోల దగ్గర జాన్, పాల్, రింగో, మ్యాల్ కొట్టాక మీటల మీంచి వేళ్ళు తీయరు, పెడల్ మీంచి కాలు తీయరు.

నిన్న రాత్రి మళ్ళీ ప్రయత్నించాను, ఈసారి మా చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని. తనకు ఈ పాట తెలియదు, ఏం చేయబోతున్నానో కూడా చెప్పలేదు. అదే కార్డ్, అదే పెడల్. కొట్టాక ఫోన్ వైపు చూడకుండా, వేళ్ళు మీటల మీదే ఉంచి కదలకుండా కూర్చున్నాను. తను ఏదో అడగబోయి, నా చేతులు చూసి ఆగిపోయింది. కాసేపటికి పియానో చెక్క మీద చెవి ఆనించింది. నాకు వినబడటం ఆగిపోయాక, ఇక చాలనుకుని చేతులు తీశాను. స్టాప్‌వాచ్‌లో 34.

"ఇంకా వస్తోంది కదా, ఎందుకు తీసేశావు?" అంది.