కాలువ నీటి మంచిచెడులను నీటి పురుగులను చూసి తేల్చవచ్చునా?

జీవశాస్త్ర బోధకురాలు:
మన గోదావరి డెల్టాలోని పంట కాలువలు, మురుగు కాలువల నీటిని రసాయన పరీక్షతోనే కాక, అందులో బతికే వెన్నెముక లేని జీవులను బట్టి కూడా అంచనా వేయాలని నా అభిప్రాయం. సీసాలో పట్టిన నీరు ఆ క్షణం సంగతే చెబుతుంది; మందు కలిసిన నీరు రాత్రికి రాత్రే దిగువకు పోతే, మరునాటి సీసాలో ఏమీ కనబడదు. మేఫ్లై అనే రెక్కల పురుగు పిల్ల వారాల తరబడి ఆ నీటిలోనే మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది కనుక, ఒక్కసారి విషం వచ్చినా ఆ పురుగు జాడ ఉండదు. గుర్రపుడెక్క వేళ్లను తెల్లటి పళ్లెంలో దులిపి చూడండి: తోక చివర ఆకుల వంటి మూడు మొప్పలున్న సన్న తూనీగ పిల్లలు, పొట్టకు ఇరువైపులా మొప్పలాడించే మేఫ్లై పిల్లలు కనిపిస్తే నీరు బాగున్నట్టు లెక్క, ఎర్రటి కైరోనమిడ్ పురుగులు (దోమను పోలిన ఈగల పిల్లలు), సన్న వానపాముల వంటి ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రమే మిగిలితే పాడైనట్టు లెక్క. కైరోనమిడ్ల ఎరుపు హీమోగ్లోబిన్ వల్ల వచ్చింది. ప్రాణవాయువు తగ్గిన బురదలోనూ అవి బతకగలగడానికి అదే కారణం.

ఉండి రొయ్యల రైతు:
మేడం గారూ, మీరు చెప్పే పద్ధతిలో వాడే బీఎండబ్ల్యూపీ స్కోరు, అంటే మురుగును తట్టుకోలేని పురుగు కుటుంబాలకు ఎక్కువ మార్కులు వేసే లెక్క, బ్రిటన్ నదుల కోసం తయారైనది. అందులో లిబెల్లులిడే కుటుంబపు తూనీగలకు 10కి 8 మార్కులు ఇచ్చారు. ఆ తూనీగలు మా ఊరి మురుగు కాలువ మీద గుంపులుగా తిరుగుతాయి. అయితే ఆ నీరు మంచిదనుకోవాలా?

జీవశాస్త్ర బోధకురాలు:
ఒక్క కుటుంబాన్ని బట్టి ఎవరూ తీర్పు చెప్పరండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఈ తరహా స్కోరుకు, జీవుల్లో ఎంత వైవిధ్యం ఉందో చూసే వైవిధ్య స్కోరును జోడించి, నీటిని అయిదు తరగతులుగా విభజించింది. రాతి వాగుల్లో ఉండే 10 మార్కుల పురుగులు మన ఒండ్రు కాలువల్లో దొరకవు కనుక, మన కాలువలను మన కాలువలతోనే పోల్చుకోవాలి.

ఉండి రొయ్యల రైతు:
నేను అడిగింది తూనీగ గురించి. ఆ 8 మార్కులు మన డెల్టాకు సరిపోతాయా, లేదా?

లాకుల దగ్గర:
వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా. జూన్‌లో నీరు వదిలిన వెంటనే, పురుగులు ఇంకా చేరకముందే లెక్క తీస్తే ప్రతి కాలువా పాడైనదిగానే తేలుతుంది.

శివారు రైతు:
మార్కుల సంగతి తరువాత చూద్దాం. ధవళేశ్వరంలో వదిలిన నీరు చిట్టచివరికి చేరేది మా పొలాలకే. ఒక దాళ్వాలో పైనున్న రొయ్యల చెరువు ఖాళీ చేసి ఉప్పునీరు మా బోదెలోకి వదిలితే, నారుమడి కొసల నుంచి ఎండుతూ మొత్తం చచ్చిపోయింది. ఫిర్యాదు చేస్తే, ఆ నీరంతా పోయాక ఒక అధికారి వచ్చి సీసా నింపుకొని వెళ్లారు. ఫలితం సాధారణమని వచ్చింది. ఆ రోజు బోదెలోని పురుగుల లెక్క నా చేతిలో ఉండి ఉంటే, నా మాట అబద్ధమని ఎవరూ అనగలిగేవారు కాదు.

ఉండి రొయ్యల రైతు:
పురుగు చచ్చిందని తెలుస్తుంది గాని, ఎవరు చంపారో తెలియదు. ఒకే కాలువ గట్టున వరుసగా చెరువులుంటే ఎవరిని పట్టుకుంటారు?

శివారు రైతు:
ప్రతి తూముకూ పైనా, కిందా తీస్తే తెలుస్తుంది. తప్పు చేయనివారికి భయమెందుకు?

ఉండి రొయ్యల రైతు:
భయమన్న మాట వెనక్కి తీసుకోండి. రొయ్య కూడా ఆ పురుగుల జాతిదే. కీళ్ల కాళ్ల జీవులను చంపే మందు రెండింటినీ చంపుతుంది. వరిలో సైపర్‌మెత్రిన్ కొట్టాక వానకు ఆ నీరు మురుగు కాలువలో కలిసింది, అది తెలియక నేను మోటారు వేసి చెరువు నింపాను, పంట మొత్తం పోయింది. నన్ను ఎవరూ పరామర్శించలేదు, వరి బోదె కింద ఎవరూ పళ్లెం పెట్టి చూడలేదు. నా అభ్యంతరం తూనీగ మీద కాదు. పరీక్ష అన్న ప్రతిసారీ అది చెరువు తూము దగ్గరే మొదలవుతుంది, వరి చేను మాత్రం పుట్టుకతోనే నిర్దోషి.

కోనసీమ పాఠకుడు:
మా మంచినీటి చెరువు కాలువతోనే నిండుతుంది. ఈ లెక్కతో తాగవచ్చో లేదో తెలుస్తుందా?

జీవశాస్త్ర బోధకురాలు:
తెలియదండి. రోగకారక సూక్ష్మజీవులకు, నైట్రేటుకు ప్రయోగశాల పరీక్షే కావాలి. ఇక రొయ్యల రైతు గారు అన్నది న్యాయం. వరి బోదె కలిసేచోట, చెరువు తూము కలిసేచోట, రెండింటికీ పైనా కిందా, ఒకే రోజున, ఒకే వలతో తీయాలి. సార్వా నాట్లు అయ్యాక, కాలువ కొన్ని వారాలు ఆగకుండా పారి ఉన్నప్పుడే తీయాలి.

శివారు రైతు:
వరి బోదె దగ్గర తీయడానికి నాకు అభ్యంతరం లేదు. కాని మా బోదెలో అనేకమంది చేల నీరు కలుస్తుంది. మందు ఎవరు కొట్టారో తేలకుండా నా ఒక్కడి పేరు రాస్తే ఒప్పుకోను.

ఉండి రొయ్యల రైతు:
నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే. ఎవరి పేరూ రాయకుండా, రెండు పక్షాలవారూ గట్టున నిలబడి ఉండగా లెక్క తీస్తే, నా తూము దగ్గర తీసుకోండి.