పాడియా, పాటియా?

అనువాదకురాలు: కొసోవో మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ఎత్తుగడకు వేమన పద్యం పెడదామని కూర్చుంటే మొదటి పాదంలోనే ఇరుక్కున్నాను. ‘పదుగురాడు మాట పాడియై ధర జెల్లు’ అని మా నాన్నగారు చదివేవారు. ఇంట్లో ఉన్న పుస్తకంలో ‘పాటియై’ అని ఉంది. ఏది సరైనది? 2008 ఫిబ్రవరి 17న సెర్బియా నుంచి విడిపోయి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పటి నుంచి పదుగురి చేత ‘ఔను, మీది దేశమే’ అనిపించుకోవడమే ఆ చిన్న దేశం పని. అందుకే ఈ పద్యం.

ఆటవెలది: ట అయినా డ అయినా గణం చెడదు, యతికీ పట్టదు. కనుక ఛందస్సును సాక్ష్యానికి పిలవకండి. పాడి అంటే న్యాయం. పదిమంది అన్నదే న్యాయంగా చెలామణి అవుతుంది. ఇందులో చర్చ ఏముంది?

బందరు మాస్టారు: ఉంది. లోకం మాటకు వేమన అంత సులువుగా న్యాయమని పేరు పెట్టడు. పాటి అంటే విలువ, లెక్క. ‘ఆ పాటి తెలియదా’ అంటాం, ‘పాటించు’ అంటాం. పైగా ‘చెల్లు’ చూడండి. చెల్లేది నాణెం. న్యాయమైతే నిలుస్తుంది.

డల్లాస్ వాసి: మాస్టారి పక్షాన కొసోవోయే సాక్షి. ఆ ప్రకటన అంతర్జాతీయ చట్టానికి విరుద్ధం కాదని 2010 జులై 22న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం చెప్పింది. ఔనన్న న్యాయమూర్తులు 10 మంది, కాదన్నవారు 4. అచ్చంగా పదుగురు! కొసోవో దేశమా కాదా అన్న ప్రశ్న జోలికి మాత్రం కోర్టు పోలేదు. అంటే ఎంతో కొంత పాడి దొరికింది, పాటి దొరకలేదు. ఐరోపా సమాఖ్యలోనే స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా, సైప్రస్ గుర్తించలేదు. భారతదేశమూ గుర్తించలేదు.

ఆటవెలది: పదుగురు ఔనన్నా నలుగురు కాదన్నారుగా! తెలుగులో ‘నలుగురు’ అంటే లోకమే.

సింహపురి: గుర్తింపు కోసం గడపలు ఎక్కడమంటే రాయబారమే. ఆ మాట వచ్చాక తిక్కన లేకుండా ఎలా? సింహాసనం పోగొట్టుకున్న నెల్లూరు రాజు మనుమసిద్ధి కోసం ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుడి సాయం తెచ్చింది ఆయనేనని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. ఆయన పదుగురి గడపలు ఎక్కలేదు, ఒక్క పెద్దవాడిని పట్టుకున్నాడు. ఉద్యోగపర్వంలో ఆ మాటల తూకం ఊరికే వచ్చిందా?

బందరు మాస్టారు: ఏ చర్చనైనా పెన్న ఒడ్డుకు తోలుకుపోతారు మీరు.

అనువాదకురాలు: కొసోవో రెండు పనులూ చేసింది, మాస్టారూ. అమెరికా అండ ఉన్నా ఒక్కో తలుపూ తట్టింది. 2009లో అంతర్జాతీయ ద్రవ్యనిధి, ప్రపంచ బ్యాంకు. 2014లో ఒలింపిక్ కమిటీ, 2016లో ఫిఫా. అదే ఏడాది రియో ఒలింపిక్స్‌లో కొసోవో క్రీడాకారిణి మజ్లిందా కెల్మెండీ జూడో స్వర్ణం గెలిచింది. ఆ జెండా పైకి లేచిన కాసేపు చేసిన పని ఎన్ని వినతిపత్రాలు చేస్తాయి? ఫోను కోడు కూడా 2016 చివరికి గానీ రాలేదు. అప్పటిదాకా సెల్‌ఫోన్లకు మొనాకో, స్లొవేనియా కోడ్లు ఎరువు తెచ్చుకున్నారు. యునెస్కో తలుపు మాత్రం తెరుచుకోలేదు. 2015లో సభ్యత్వం ఓటింగులో ఔనన్నవి 92, కాదన్నవి 50, మూడింట రెండు వంతులకు 3 ఓట్లు తక్కువ. 29 దేశాలు ఊరకున్నాయి. అందుకే ఇప్పుడు మూడో పాదం కూడా వేధిస్తోంది: ‘ఊరకుండువాని కూరెల్ల నోపదు’.

ఆటవెలది: ఓపడం అంటే సహించడమా, సరితూగడమా? సరితూగడమే. నోరు మెదపనివాడిని ఊరంతా కలిసినా గెలవలేదు.

డల్లాస్ వాసి: యునెస్కోలో ఊరకున్నవారు లెక్కలోకే రారండీ. ఔను, కాదు అన్నవారిలోనే మూడింట రెండు చూస్తారు.

ఆటవెలది: లెక్కలోకి రాకుండానే గెలిచారు. నేనన్నదీ అదే.

సింహపురి: పాటికి ఇంకో అర్థం మరిచారు. పాటిదిబ్బ అంటే పాత ఊరు ఉండిపోయిన దిబ్బ. మా చిన్నప్పుడు పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలేవారు. పాటి అంటే ఊరే, పదుగురి మాట ఊరి మాట అవుతుందని నా ఊహ.

బందరు మాస్టారు: మన్ను తోలినంత సులువుగా అర్థాలు తోలకండి.

అనువాదకురాలు: ‘పాటి’ అనే పెడుతున్నాను. నాన్నగారు ఉంటే ఒప్పుకునేవారు కాదు.

కొత్త సభ్యుడు: క్షమించాలి, రెండో పాదంలో ‘ఒక్కడాడు మాట యెక్కదెందు’కు యతి కుదరలేదేమి? ఒ–ఎ కలవవు కదా?

ఆటవెలది: ప్రాసయతి, నాయనా. ఒక్క–ఎక్క. తీరిగ్గా కూర్చోండి, చెబుతాను.